మట్టికి ఆకలేసినప్పుడు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో లిటిల్ ఫాల్స్ అని ఒక చిన్న పట్టణం ఉంది. 1990ల మొదట్లో అక్కడ వ్యవసాయ మందులు అమ్మే ఒక డిపో ఆవరణలోంచి శాస్త్రవేత్తలు కొంత మట్టి తవ్వి తెచ్చుకున్నారు. కలుపు మందు ఒలికి నానిన మట్టి అది. ఏ రైతు చూసినా పాడైపోయిన నేల అంటాడు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న లారెన్స్ వాకెట్, డెబొరా అలన్, ఇజ్రాయెల్ నుంచి వచ్చిన రఫీ మాండెల్‌బామ్‌లకు మాత్రం సరిగ్గా అలాంటిదే కావాలి. ఒక పదార్థాన్ని తిని బతికే జీవి ఎక్కడైనా ఉందంటే, ఆ పదార్థం గుట్టలుగా పడి ఉన్న చోటే ఉంటుందని వాళ్ల లెక్క.

ఆ మందు అట్రాజిన్. మొక్కజొన్న వేసే తెలుగు రైతుకు ఈ పేరు కొత్తగా చెప్పనక్కర్లేదు. విత్తిన 48 గంటల్లోపు, నేలలో తేమ ఉండగా, 50 శాతం పొడి మందును తేలిక నేలల్లో ఎకరాకు 800 గ్రాములు, బరువు నేలల్లో 1200 గ్రాములు 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టమని మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెబుతూ వచ్చాయి. కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణిని దున్నకుండానే మొక్కజొన్న గింజ నాటేవాళ్లు పారాక్వాట్ అనే ఇంకో కలుపు మందుతో పాటు దీన్నీ కలిపి కొడతారు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరానికి చెందిన గైగీ కంపెనీ దీన్ని తయారుచేసింది. 1950ల చివర్లో అమెరికా పొలాల్లో అడుగుపెట్టింది. ఆకులో వెలుగును పట్టుకుని ఆహారం తయారుచేసే యంత్రాంగంలో డీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. అట్రాజిన్ పోయి దానికి అతుక్కుంటుంది. ఎలక్ట్రాన్ల ప్రవాహం అక్కడితో ఆగిపోతుంది. ఎండ పడుతూనే ఉంటుంది కానీ ఆ శక్తికి వెళ్లే దారి ఉండదు, దాంతో ఆకు లోపలి నుంచే మాడిపోతుంది. మొక్కజొన్న, చెరకు, జొన్న మాత్రం తట్టుకుంటాయి. మొక్కజొన్న సంగతి తీసుకుంటే, మందు తన కణాల్లోకి రాగానే దాన్ని పనికిరాకుండా చేసే సొంత ఎంజైములు దానికి ఉన్నాయి. కలుపు చచ్చి పైరు నిలవడం వెనక ఉన్న కిటుకు ఇంతే.

అమెరికాలో ఏటా సుమారు 3 కోట్ల కిలోల అట్రాజిన్ నేలమీద పడుతూ వచ్చింది. అంత పడితే అంతా పొలంలోనే ఉండిపోదు. వాన పడితే కొంత వాగుల్లోకి, కొంత నేలలోకి ఇంకి ఊట నీళ్లలోకి చేరుతుంది. ఐరోపాలో తాగే నీటిలో ఏ ఒక్క పురుగుమందైనా లీటరుకు 0.1 మైక్రోగ్రామును మించకూడదు. ఆ గీత దాటడం మామూలైపోవడంతో జర్మనీ 1991లోనే అట్రాజిన్‌ను ఆపేసింది. ఐరోపా సమాఖ్య 2004లో అనుమతి నిరాకరించింది. అమెరికా మాత్రం లీటరుకు 3 మైక్రోగ్రాముల వరకు ఫరవాలేదంది. అంటే ముప్పై రెట్లు ఎక్కువ. అక్కడి నీటి సరఫరా సంస్థలు మందును వడకట్టే ఖర్చు భరించలేక కోర్టుకెక్కాయి. 2012లో అట్రాజిన్ తయారీదారు సింజెంటా కంపెనీ 10.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. అట్రాజిన్ వల్ల కప్పల్లో మగవాటికి ఆడ లక్షణాలు వస్తున్నాయని బర్క్‌లీలోని శాస్త్రవేత్త టైరోన్ హేస్ 2002లో చెప్పిన మాట మీద ఏళ్ల తరబడి గొడవ నడిచింది. ఆ గొడవలోకి వెళ్తే ఈ వ్యాసం ఇక్కడే ఆగిపోతుంది కాబట్టి మట్టి దగ్గరికే వద్దాం.

అట్రాజిన్ అణువు మధ్యలో ఆరు పరమాణువుల వలయం ఉంటుంది: మూడు కర్బనం, మూడు నత్రజని, ఒకటి విడిచి ఒకటి. ఆ వలయానికి ఒక పక్క క్లోరిన్, మిగతా రెండు పక్కలా నత్రజనితో మొదలయ్యే చిన్న తోకలు. తోకల్ని కొరికే సూక్ష్మజీవులు నేలలో ఉన్నాయని మొదటినుంచీ తెలుసు. కానీ తోక తెగినా క్లోరిన్ అలాగే ఉండేది, వలయం చెక్కుచెదరేది కాదు. అలా మిగిలిన ముక్కలే డీఇథైల్ అట్రాజిన్ వంటి పేర్లతో బావి నీళ్లలో దొరుకుతుండేవి. వలయాన్ని పూర్తిగా పగలగొట్టే ఒంటరి బ్యాక్టీరియా కోసం చాలా ప్రయోగశాలలు వెతికాయి, చాలాకాలం దొరకలేదు.

వెతకడంలోనే ఒక చిక్కుంది. ఆ వలయంలోని కర్బనం ముందే ఆక్సీకరణ చెంది ఉంటుంది. పొయ్యిలో మిగిలిన బూడిదను మళ్లీ అంటించినా మంట రానట్టు, దాన్నుంచి శక్తి రాదు. కాబట్టి అట్రాజిన్‌ను కర్బనం కోసం తినమంటే బ్యాక్టీరియా తినదు. ఆ అణువులో దానికి పనికొచ్చే సరుకు నత్రజని, అది ఒక్కో అణువులో ఐదు ఉంటుంది. మిన్నెసోటా బృందం ఈ కిటుకు పట్టుకుంది. బతకడానికి కావలసిన కర్బనాన్ని సిట్రేటు రూపంలో విడిగా ఇచ్చారు. నత్రజనిని మాత్రం పూర్తిగా కట్టేశారు. కావాలంటే అట్రాజిన్‌లోంచే తెచ్చుకోవాలి, లేదంటే చావాలి.

దొరికిందో లేదో తెలుసుకునే పద్ధతి ఇంకా చక్కగా ఉంది. అట్రాజిన్ నీటిలో సరిగా కరగదు, లీటరుకు 33 మిల్లీగ్రాములే దాని హద్దు. అంతకు చాలా రెట్లు ఎక్కువగా అగార్ జెల్లీలో కలిపి పళ్లెంలో పోస్తే కరగని పొడి తేలి జెల్లీ అంతా తెల్లగా మసకబారుతుంది. ఆ తెల్లటి పళ్లెం మీద మట్టి కలిపిన నీటిని పూసి కొద్ది రోజులు ఆగాలి. ఏ బ్యాక్టీరియా గుంపు అట్రాజిన్‌ను తింటుందో ఆ గుంపు చుట్టూ జెల్లీ అద్దంలా తేటపడుతుంది. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు, పళ్లేన్ని వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే చాలు. సూక్ష్మజీవశాస్త్రంలో నాకు చాలా ఇష్టమైన పద్ధతుల్లో ఇదొకటి. అలా తేటపడిన ఒక వృత్తం మధ్యలో దొరికిందే సూడోమొనాస్ ఏడీపీ. 1995లో దాని గురించి ప్రకటించారు. అట్రాజిన్‌ను కొరికి వదిలేయకుండా చివరికంటా, బొగ్గుపులుసు వాయువూ అమ్మోనియా అయ్యేదాకా తినేసే జీవి అది.

తర్వాతి ఆరేళ్లలో అది ఎలా తింటుందో ఒక్కో మెట్టే బయటపడింది. మెర్విన్ డిసౌజా అనే పరిశోధక విద్యార్థి, మైకెల్ సడోస్కీ, వాకెట్ కలిసి మొదటి జన్యువును వేరుచేశారు. దాని పేరు అట్జ్-ఏ. అది తయారుచేసే ఎంజైము వలయం మీది క్లోరిన్‌ను పీకేసి ఆ స్థానంలో నీటి అణువులోంచి తెచ్చిన హైడ్రాక్సిల్‌ను పెడుతుంది. ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది. ఈ ఒక్క మెట్టు దిగగానే అట్రాజిన్ కలుపు మందుగా పనిచేయడం మానేస్తుంది. మట్టి రేణువులకు మరింత గట్టిగా అతుక్కుంటుంది కూడా, నీళ్లతో పాటు అంత తేలిగ్గా పారిపోదు. మిగతాదంతా బ్యాక్టీరియా తన భోజనం కోసం చేసుకునే పని. అట్జ్-బీ, అట్జ్-సీ ఎంజైములు రెండు తోకల్నీ ఒకదాని తర్వాత ఒకటి కోసేస్తాయి. మిగిలేది సయన్యూరిక్ ఆమ్లం. ఈత కొలనుల్లో క్లోరిన్ ఎండకు విరిగిపోకుండా వేసే పదార్థం ఇదే. దాన్ని తినగల బ్యాక్టీరియా నేలలో ఎక్కడ చూసినా ఉన్నాయి. ఏడీపీలో ఆ వలయాన్ని తెరిచి నత్రజనిని అమ్మోనియాగా విడదీసే పనికి ఇంకో జన్యువుల జట్టు ఉంది.

గైగీ కంపెనీ తయారుచేసేదాకా అట్రాజిన్ భూమ్మీద లేదు. మరి దాని క్లోరిన్‌ను గురిచూసి పీకే ఎంజైము నలభై ఏళ్లలోపు ఎక్కడి నుంచి ఊడిపడింది? సగం జవాబు ఇంకో బ్యాక్టీరియాలో దొరికింది. మెలమైన్ అనే పదార్థాన్ని, అదే మన పళ్లేలు, బల్లల పైపొరలు చేసే ప్లాస్టిక్‌కు ముడిసరుకు, తినే బ్యాక్టీరియాను జ్యూరిచ్ శాస్త్రవేత్తలు 1980ల మొదట్లోనే పెంచి ఉన్నారు. మెలమైన్‌లోనూ అదే వలయం ఉంటుంది, క్లోరిన్ బదులు అమైన్ ఉంటుంది. ఆ అమైన్‌ను పీకే ఎంజైమును అట్జ్-ఏ పక్కన పెట్టి చూస్తే రెండిట్లోనూ 475 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. వాటిలో తేడా తొమ్మిదే. ఆ తొమ్మిది తేడాలతోనే అట్జ్-ఏ మెలమైన్‌ను ముట్టుకోవడం మానేసి అట్రాజిన్ మీద పడుతోంది. జీవపరిణామాన్ని లక్షల ఏళ్ల లెక్కలో చూడడానికి అలవాటుపడ్డవాళ్లకు 2001లో వచ్చిన ఈ వివరం మింగుడుపడటం కష్టమైంది.

మిగతా సగం జవాబు ఆ జన్యువులు ఉండే చోటులో ఉంది. అవి బ్యాక్టీరియా ప్రధాన క్రోమోజోములో లేవు. ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ చుట్ట మీద ఉన్నాయి. ఏడీపీ ప్లాస్మిడ్‌లోని 1,08,845 అక్షరాలను చదివినప్పుడు అట్జ్-ఏ, బీ, సీలు ఒక వరుసలో కాకుండా దూరదూరంగా చెదిరి కనిపించాయి. వాటికి అటూ ఇటూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే డీఎన్ఏ ముక్కలు ఉన్నాయి. అంటే ఇవి ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరిన జన్యువులు. ఇలాంటి ప్లాస్మిడ్‌ను ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి అందించగలదు, జాతి వేరైనా సరే. దూరదూరపు చోట్ల నేలల్లో దొరికిన, ఒకదానికొకటి సంబంధం లేని బ్యాక్టీరియాల్లోనూ ఈ మూడు జన్యువులు 99 శాతానికి పైగా ఒకేలా ఉన్నాయని 1998లో తేలింది. ఎవరికి వారు విడివిడిగా కనిపెట్టుకుని ఉంటే అంత పోలిక రాదు. వచ్చినంత తేలిగ్గా ఇవి పోతాయి కూడా. అట్రాజిన్ లేని తిండి మీద తరతరాలు పెంచితే ఏడీపీ ఈ జన్యువుల్ని జారవిడుచుకుంటుంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఇంత తెలిసింది కదా, పాడైన నేలను దీంతో బాగుచేయొచ్చా?

సౌత్ డకోటాలో అట్రాజిన్ ఒలికిపోయిన ఒక స్థలంలో మిన్నెసోటా బృందమే ఆ పరీక్ష పెట్టింది. అక్కడి మట్టిలో పది లక్షల భాగాలకు 29,000 భాగాల దాకా అట్రాజిన్ ఉంది. కొన్ని చోట్ల మట్టి బరువులో దాదాపు మూడు శాతం మందే అన్నమాట. వాళ్లు ఏడీపీని తెచ్చి చల్లలేదు. అట్జ్-ఏ జన్యువును ఇ.కోలై అనే ప్రయోగశాల బ్యాక్టీరియాలో పెట్టి, ఎంజైమును దండిగా తయారుచేయించి, ఆ తర్వాత దాన్ని రసాయనంతో చంపేశారు. కణం చచ్చింది, లోపలి ఎంజైము మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. జన్యుమార్పిడి చేసిన బ్యాక్టీరియాను బతికుండగా బహిరంగ నేలలో వదలడానికి నిబంధనలు అంత తేలిగ్గా ఒప్పుకోవు, అందుకే ఈ ఏర్పాటు. ఎనిమిది వారాల తర్వాత కొలిస్తే, చచ్చిన కణాలు కలిపిన మళ్లలో అట్రాజిన్ 52 శాతం తగ్గింది. కణాలతో పాటు ఫాస్ఫేటు కూడా వేసిన మళ్లలో 77 శాతం తగ్గింది. ఏమీ వేయని మళ్లలోనూ, ఒక్క ఫాస్ఫేటే వేసిన మళ్లలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. 2000లో అచ్చైన ఈ ఫలితం ఈ రంగంలో మైలురాయి. క్లోరిన్‌ను పీకే ఒక్క మెట్టు చాలన్న మాట ఇక్కడ నిజమైంది. కొద్దికాలానికి సౌత్ డకోటాలో ఒలికిన చోటి మట్టిలోంచే ఆర్థ్రోబ్యాక్టర్ ఆరెసెన్స్ టీసీ1 అనే ఇంకో బ్యాక్టీరియా దొరికింది. అది ఎవరూ తయారుచేసింది కాదు. అట్రాజిన్‌తో పాటు దాని బంధువులైన మరో ఇరవైకి పైగా రసాయనాల్ని తినగల గట్టిది.

ఇక్కడిదాకా చదివితే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. పత్రికల్లో వచ్చే కథనాలు చాలావరకు ఇక్కడే ఆగుతాయి కూడా. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఒలికిన గుట్టల దగ్గర ఇంత బాగా పనిచేసిన పద్ధతి, అందరి దాహం తీర్చే బావిలో ఎందుకు పనిచేయదు?

లెక్క వేసి చూద్దాం. అట్జ్-ఏ ఎంజైము తన పూర్తి వేగంలో సగం అందుకోవాలంటే లీటరు నీటిలో సుమారు 32 మిల్లీగ్రాముల అట్రాజిన్ ఉండాలి. నీటిలో అది కరగగలిగే హద్దే 33 మిల్లీగ్రాములని పైన చెప్పుకున్నాం. అంటే నీరు మందుతో నిండిపోతే తప్ప ఈ ఎంజైముకు ఊపు రాదు. అమెరికా తాగునీటి పరిమితి లీటరుకు 3 మైక్రోగ్రాములు, ఆ 32 మిల్లీగ్రాములలో పదివేలో వంతు. ఐరోపా పరిమితి దానిలో ముప్పయ్యో వంతు. అంత పలచగా ఉన్న అణువులు ఎంజైముకు ఎప్పుడో ఒకటి తగులుతాయి. బ్యాక్టీరియా వైపు నుంచి చూస్తే అది తిండి కిందే లెక్కకు రాదు. ఆ కాస్త నత్రజని కోసం ఇంత పెద్ద ప్లాస్మిడ్‌ను మోసుకుతిరగడం దానికి నష్టం. ఉన్నదాన్ని జారవిడుచుకుంటుంది.

రెండో అడ్డంకి యూరియా. సూడోమొనాస్ ఏడీపీ అట్రాజిన్‌ను తినేది నత్రజని కోసం. అంతకంటే తేలిగ్గా దొరికే నత్రజని పక్కనే ఉంటే అట్రాజిన్ జోలికి పోవడం తగ్గిస్తుంది. సయన్యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టే జన్యువులు నత్రజని కొరతను బట్టి ఎలా తెరుచుకుంటాయో, ఎలా మూసుకుంటాయో స్పెయిన్‌లోని సెవీల్‌లో ఫెర్నాండో గోవంటెస్ బృందం వివరంగా తేల్చింది. మొక్కజొన్న చేలో ఏం జరుగుతుంది? విత్తగానే అట్రాజిన్ పడుతుంది, పైరుకు దఫాలుగా యూరియా పడుతుంది. నేలలోని సూక్ష్మజీవికి కడుపు నిండా వడ్డించి, ఆ పక్కన పెట్టిన విషం తినమంటున్నాం.

లోతు ఇంకో సమస్య. పైన అడుగున్నర మట్టిలో ఉన్నంత జీవం కింద ఉండదు. కర్బనం తక్కువ, గాలి తక్కువ, సూక్ష్మజీవులు పలచన. వేళ్ల పొర దాటి కిందికి దిగిన అట్రాజిన్‌ను తినేవాళ్లు దాదాపు లేరు. జర్మనీలో 1991లో ఆపేసిన మందు దశాబ్దాల తర్వాత కూడా అక్కడి భూగర్భజలాల పరీక్షల్లో కనిపిస్తూ రావడానికి కారణం ఇదే.

మరి పొలం పైపొరలో? అక్కడ ఇంకో వింత ఉంది. ఇది అట్రాజిన్ కంటే పాతది. 1949లో లండన్‌లో లెస్లీ ఆడస్ అనే వృక్షశాస్త్రవేత్త ఒక గాజు గొట్టంలో మట్టి నింపి, 2,4-డి కలిపిన నీటిని దానిగుండా తిప్పితిప్పి పంపాడు. వరి, చెరకు పొలాల్లో ఇప్పటికీ మనవాళ్లు కొట్టే 2,4-డి అదే. మొదట్లో ఏమీ జరగలేదు. రెండు వారాల పాటు మందు ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆ తర్వాత ఉన్నట్టుండి గబగబా మాయమైంది. అదే మట్టిలోంచి రెండోసారి పంపితే ఎదురుచూడ్డాలేమీ లేవు, మట్టి వెంటనే తినేసింది. సూక్ష్మజీవుల్ని స్తంభింపజేసే విషం కలిపితే మందు తగ్గడం ఆగిపోయింది. మట్టి నేర్చుకుంటుందని తేల్చిన మొదటి ప్రయోగాల్లో ఇదొకటి.

అట్రాజిన్ విషయంలోనూ అదే జరిగింది. ఏటేటా మొక్కజొన్న వేసి ఏటేటా అదే మందు కొట్టిన అమెరికా పొలాల్లో, కొత్త నేలలో వారాల తరబడి నిలిచే మందు రోజుల్లో మాయమవడం కనిపించింది. మిసిసిపీ, కొలరాడోల్లో పనిచేసిన కలుపు శాస్త్రవేత్తలు ఈ నేలల్లో అట్రాజిన్ తినే జన్యువుల్ని చూపించారు కూడా. నీళ్ల సంగతి ఆలోచించేవాళ్లకు ఇది శుభవార్త, ఊటలోకి దిగేలోపే మందు ఖర్చైపోతోంది. రైతుకు మాత్రం ఇది ఇబ్బంది. ఆయన ఆ మందు కొన్నది వారాలపాటు కలుపు లేవకుండా ఉంటుందని. పది రోజులకే గడ్డి లేస్తే డీలరు ఇంకో మందు డబ్బా చేతిలో పెడతాడు. కోట్ల డాలర్లతో ప్రయోగశాలలు సాధించాలనుకున్న పనిని పొలం తనంతట తాను ఉచితంగా చేసిపెట్టింది, దానికి అక్కడ వచ్చిన పేరు మాత్రం మందు పనిచేయకపోవడం.

పలచని నీటి సమస్యను నేరుగా ఢీకొన్నవాళ్లు డెన్మార్క్‌వాళ్లు. వాళ్ల తలనొప్పి వేరే కలుపు మందు, డైక్లోబెనిల్. ఇళ్ల ముందు, రోడ్ల పక్కన గడ్డి లేవకుండా వేసేవారు. 1997లో నిషేధించారు. అయినా అది విరిగి మిగిలిన బ్యామ్ అనే ముక్క దేశమంతటా బావుల్లో తేలింది. డైక్లోబెనిల్ కొట్టిన ఒక పెరటి మట్టిలో అమినోబ్యాక్టర్ ఎంఎస్‌హెచ్1 అనే బ్యాక్టీరియా దొరికింది, అది బ్యామ్‌ను చాలా పలచగా ఉన్నా తినగలదు. నీటిశుద్ధి కేంద్రాల ఇసుక వడపోతల్లో దాన్ని చేర్చి పరీక్షించారు. మొదట్లో బాగా పనిచేసింది. కొద్ది వారాల్లో ఫలితం పడిపోయింది. వడపోతను వెనక్కి కడిగినప్పుడు కొన్ని కొట్టుకుపోయాయి. మిగిలినవాటిని ఇసుకలో ఉండే ప్రోటోజోవాలు మేసేశాయి. మందు తినడానికి తెచ్చుకున్నవాటినే ఇంకెవరో తినేశారన్నమాట. బయటి నుంచి తెచ్చి వదిలిన బ్యాక్టీరియా స్థానికుల మధ్య నిలదొక్కుకోకపోవడం ఈ రంగంలో అన్నిచోట్లా వినిపించే ఫిర్యాదే.

ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్‌ఓ సంస్థ అందుకే జీవినే పక్కన పెట్టింది. ఎంజైమును విడిగా తీసి మందు కలిసిన పొలం నీళ్లు నిలిచిన చెరువులో పోసింది. సుమారు 15 లక్షల లీటర్ల నీరు. నాలుగు గంటల్లో అట్రాజిన్ 90 శాతానికి పైగా తగ్గింది. ఎంజైముకు ఆకలి ఉండదు, యూరియాతో పనిలేదు, దాన్ని మేసేవాళ్లు వచ్చేలోపే పని ముగుస్తుంది. అయితే అది పిల్లల్ని పెట్టదు. ప్రతిసారీ కొత్తగా కొనాలి.

ఈలోగా ఇలాంటి బ్యాక్టీరియాల జన్యువులు వేరే దారిలో కోట్లు సంపాదించాయి. టెక్సస్‌లోని బ్యూమాంట్‌లో డైకాంబా కలుపు మందు తయారుచేసే కర్మాగారం వాన నీటి గుంటల్లో ఆ మందును తినే బ్యాక్టీరియా దొరికింది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ వీక్స్ బృందం దాని జన్యువును సోయాలో పెట్టి, మందు కొట్టినా చావని పైరును 2007లో చూపించింది. అలాంటి సోయా మార్కెట్లోకి వచ్చాక 2017లో గాలికి కొట్టుకొచ్చిన డైకాంబాతో పక్క పొలాల సోయా లక్షల ఎకరాల్లో ముడుచుకుపోయింది. 2,4-డిని తట్టుకునే పంటల్లోని జన్యువులూ ఆ మందును తినే నేల బ్యాక్టీరియాల నుంచి తెచ్చుకున్నవే. గ్లైఫోసేట్ కథ కొంచెం వేరు. లూసియానాలోని లూలింగ్‌లో మాన్‌శాంటో కర్మాగారం వ్యర్థాల్లో దొరికిన సీపీ4 అనే బ్యాక్టీరియా ఆ మందును తినదు, తట్టుకుంటుంది. 1996 నుంచి అమెరికా సోయాలో ఉన్నది దాని జన్యువే. మన దేశంలో అనుమతి లేకుండా అమ్ముడై, 2017లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చేలల్లో బయటపడిన హెచ్‌టీ పత్తిలో, రైతులు బీజీ-3 అని పిలిచేదాంట్లో, ఉన్నదీ అదే. వ్యర్థాల్లో దొరికిన జీవి చివరికి మందు ఇంకా ఎక్కువ కొట్టడానికి అక్కరకొచ్చింది. డబ్బు ఏ వైపు ఉందో పరిశోధన ఆ వైపు వెళ్లిందని అనుకోవడం తేలిక. కానీ శుభ్రం చేసే పనికి డబ్బు కట్టేదెవరన్న ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు. సౌత్ డకోటాలో ఒలికిన గుట్టకైతే ఒక బాధ్యుడుంటాడు. లక్షల పొలాల నుంచి కొంచెం కొంచెంగా ఊటలో చేరినదానికి బాధ్యుడెవరు?

ఇవన్నీ చూశాక, ఈ బ్యాక్టీరియాతో తేలిగ్గా పని చేయించుకునే చోటు ఏదని అడిగితే నేను స్వీడన్ వైపు చూపిస్తాను. నీళ్లలోకి చేరే మందులో పెద్ద వాటా పొలం నుంచి రాదు. ట్యాంకులో మందు కలిపే చోటు, ఒలికే చోటు, పని అయ్యాక ట్యాంకు కడిగే చోటు నుంచి వస్తుందని 1990ల్లో అక్కడివాళ్లు గుర్తించారు. మన ఊళ్లలో అయితే ఆ చోటు బోరు పక్కనో, కాలువ గట్టునో, చెరువు తూము దగ్గరో ఉంటుంది. నీళ్లుండాలి కదా. స్వీడన్ రైతులు ఆ చోట రెండడుగుల గుంట తవ్వారు. అడుగున బంకమట్టి పరిచి, పైన సగం గడ్డి, పావు పీట్ అనే కుళ్లిన నాచు, పావు మట్టి కలిపి నింపి, మీద పచ్చగడ్డి పెంచారు. ట్రాక్టరు స్ప్రేయరును దాని మీద నిలబెట్టే మందు కలుపుతారు, కడుగుతారు. దీని పేరు బయోబెడ్. ఎక్కడినుంచీ బ్యాక్టీరియా తేరు. ఎండుగడ్డిని కుళ్లబెట్టే శిలీంధ్రాలు, మట్టిలో ఉన్న బ్యాక్టీరియా, కడిగిన నీళ్లలో గాఢంగా వచ్చిపడే మందు, అన్నీ ఒకే చోట కలుస్తాయి. గడ్డిలో కర్బనం దండిగా ఉంటుంది, నత్రజని తక్కువ. లిటిల్ ఫాల్స్ మట్టిలోంచి ఏడీపీని బయటికి లాగడానికి మిన్నెసోటావాళ్లు పళ్లెంలో పెట్టిన ఏర్పాటుకు దగ్గరగా ఉందిది.

మనకు పీట్ దొరకదు. వరిగడ్డి దొరుకుతుంది, కోత అయ్యాక చాలాచోట్ల దాన్ని కాల్చేస్తున్నాం కూడా. పీట్ బదులు కొబ్బరి పొట్టో, బాగా చివికిన పశువుల ఎరువో వేయొచ్చా, మన ఎండకు గుంట ఆరిపోకుండా ఎంత నీళ్లు పెట్టాలి, వానాకాలంలో నిండి పొంగకుండా పైన రేకు వేయాలా అన్నవి మన నేలల మీద, మన ఎండలో తేల్చుకోవలసిన ప్రశ్నలు. స్వీడన్‌లో గుంటలోని మిశ్రమాన్ని ఆరేడేళ్లకోసారి తోడి, ఏడాదిపాటు కుప్పపోసి కంపోస్టు కానిచ్చి, ఆ తర్వాత పొలంలో చల్లుకుంటారు.